వంకర ముత్యం, ఇనుప తీగ: బరోక్‌, మెటల్‌, ఎలక్ట్రానిక్‌ సంగీతాలను ‘ఇగోర్‌’ ఎలా కలిపారు?

ఫ్రాన్స్‌ సంగీతకారుడు గోతియే సెర్‌ ‘ఇగోర్‌’ పేరుతో రూపొందించిన ‘ఆమెన్‌’ ఆల్బమ్‌ 2025 సెప్టెంబరులో విడుదలైంది. ఒకప్పుడు ఐరోపా రాజాస్థానాల్లో మోగిన హార్ప్సికార్డ్‌, కంప్యూటర్‌ తెరపై ముక్కలుగా కోసి అతికిన డ్రమ్ముల తాళం, గొంతు లోపలి నుంచి గర్జనలా వెలువడే మెటల్‌ గానం. ఈ మూడింటినీ ఒకే పాటలో, కొన్నిసార్లు ఒకే నిమిషంలో వినిపించడం ఆయన ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. తొలిసారి విన్నవారిలో చాలామందికి ఒకటే సందేహం కలుగుతుంది: ఇది సంగీతమా, లేక మూడు రేడియోలు ఒకేసారి మోగుతున్నాయా?

ఆ సందేహాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. పొంతన లేని రెండింటిని పక్కపక్కన పెట్టి ప్రయోగమని పేరు పెట్టడం సులువు. నాలుగు మాటలు టైపు చేస్తే కోరిన శైలులన్నీ కలిపి పాట తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక అది మరీ సులువైంది. అందువల్ల ఇప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. కలిసిన వాటి మధ్య లోపలి బంధుత్వం ఏమైనా ఉందా? కలిపిన తీరుకు ఒక వ్యాకరణం ఉందా? ఎవరి శబ్దాన్ని తెచ్చుకున్నారో వారి శ్రమకు గుర్తింపు దక్కిందా? ఇగోర్‌ సంగీతం ఈ మూడు ప్రశ్నలకూ ఆసక్తికరమైన జవాబులు ఇస్తుంది.

ఎవరీ ఇగోర్‌?

గోతియే సెర్‌ 1984లో జన్మించారు. రోమన్‌ లిపిలో చివర మూడు ‘ఆర్‌’ అక్షరాలతో రాసే ‘ఇగోర్‌’ మొదట ఆయన ఒక్కరే కంప్యూటర్‌ ముందు కూర్చుని నడిపిన సంగీత ప్రయత్నం. 2006లో ‘పువాసోన్‌ సోలుబ్ల్‌’, 2008లో ‘మువాజిస్యుర్‌’, 2010లో ‘నోస్ట్రిల్‌’, 2012లో ‘హల్లెలూయా’ వెలువడ్డాయి. తొలినాళ్లలో ఈ సంగీతం ఎలక్ట్రానిక్‌ సంగీతపు అంచున ఉండే చిన్న శ్రోతృవర్గానికే పరిచయం.

2017లో వచ్చిన ‘సావేజ్‌ సైనుసాయిడ్‌’ పరిస్థితిని మార్చింది. మెటల్‌ సంగీత ప్రచురణలో 1982 నుంచి పేరున్న అమెరికా సంస్థ మెటల్‌ బ్లేడ్‌ రికార్డ్స్‌ దాన్ని విడుదల చేసింది. ఒపేరా తరహాలో పాడే లోర్‌ ల ప్రునెనెక్‌, గర్జన గానం చేసే లోరాన్‌ లునువార్‌, డ్రమ్స్‌ వాయించే సిల్వాన్‌ బూవియేలతో వేదికపై ఇగోర్‌ ఒక బృందంగా నిలిచింది. 2020 మార్చిలో ‘స్పిరిచువాలిటీ అండ్‌ డిస్టార్షన్‌’ విడుదలైంది. 2021లో గాయనీ గాయకులిద్దరూ బృందాన్ని వీడారు. కొత్త గొంతులతో ప్రయాణం కొనసాగి ‘ఆమెన్‌’ వరకు వచ్చింది. సభ్యులు మారినా స్వరరచన, కూర్పు మాత్రం సెర్‌ చేతిలోనే ఉన్నాయి.

ఒకప్పటి తిట్టు ‘బరోక్‌’

ఐరోపా సంగీత చరిత్రలో సుమారు 1600 నుంచి 1750 వరకు ఉన్న కాలాన్ని బరోక్‌ యుగమంటారు. ఇటలీలో మోంటెవెర్డి, వివాల్డి, ఇంగ్లండ్‌లో పర్సెల్‌, ఫ్రాన్స్‌లో రామో, జర్మనీలో బాఖ్‌ ఈ కాలపు ప్రముఖులు. నేడు ఆ పేర్లు వినగానే మర్యాద, క్రమశిక్షణ, నిశ్శబ్దంగా కూర్చున్న సభ గుర్తుకొస్తాయి. అయితే ‘బరోక్‌’ అన్న మాట పుట్టుక అంత మర్యాదైనది కాదు.

గుండ్రంగా లేని, వంకరపోయిన ముత్యాన్ని పోర్చుగీసు భాషలో ‘బరోకో’ అనేవారు. ఆ మాట ఫ్రెంచిలోకి వచ్చి వికారమైనది, విపరీతమైనది అనే అర్థం సంతరించుకుంది. 1733లో పారిస్‌లో రామో ఒపేరా ‘ఇపోలిత్‌ ఎ ఆరిసీ’ ప్రదర్శితమైంది. మరుసటి ఏడాది ‘మెర్క్యూర్‌ ద ఫ్రాన్స్‌’ పత్రికలో అచ్చయిన ఒక అజ్ఞాత లేఖ ఆ సంగీతాన్ని బరోక్‌ అంటూ ఎద్దేవా చేసింది. 1768లో ప్రచురితమైన తన సంగీత నిఘంటువులో తత్త్వవేత్త రూసో కూడా ఈ మాటను నిందార్థంలోనే నిర్వచించారు. స్వరమేళనం గజిబిజిగా, అపస్వరాలతో నిండి, గానం కర్కశంగా, అసహజంగా ఉండేదే బరోక్‌ సంగీతమన్నది ఆ నిర్వచన సారాంశం.

ఆ వర్ణనలో ‘బరోక్‌’ తీసి ‘మెటల్‌’ అని పెడితే నేటి పెద్దలు చాలామంది అభ్యంతరం చెప్పరు. ఒక తరం గోలగా భావించినది మరో తరానికి సంప్రదాయమైంది. ఇగోర్‌ 2020 ఆల్బమ్‌లోని ఒక రచన పేరు ‘బారోకో సతాని’. ఆ పేరు చమత్కారంగా కనిపించినా, బరోక్‌కు ఒకప్పుడు ఉన్న కరకుదనాన్ని అది గుర్తుచేస్తుంది.

రెండు వాద్యాలకూ ఒకే పరిమితి

బంధుత్వం పేర్లతోనే ఆగిపోదు. వాద్యాల నిర్మాణంలోనూ కనిపిస్తుంది.

హార్ప్సికార్డ్‌ చూపులకు పియానోలా ఉన్నా పనిచేసే తీరు వేరు. పియానోలో సుత్తి తీగను కొడుతుంది. వేలి ఒత్తిడిని బట్టి శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. హార్ప్సికార్డ్‌లో పక్షి ఈకతో చేసిన చిన్న మొన తీగను మీటుతుంది. వేలు మెల్లగా తాకినా, గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకే స్థాయిలో వస్తుంది. తీగల వరుసలను మార్చి శబ్దాన్ని మెట్లుమెట్లుగా పెంచవచ్చు గానీ, ఒక్కో స్వరాన్ని వేలితో పెంచుతూ తగ్గిస్తూ పోవడం సాధ్యం కాదు. మరి ఉద్వేగాన్ని ఎలా పలికించాలి? ఆనాటి స్వరకర్తలు స్వరాల సాంద్రతను పెంచారు. వేగాన్ని, అలంకారాలను, స్వరాల మధ్య విరామాలను ఆయుధాలుగా మలచుకున్నారు. బాఖ్‌ పుట్టిన 1685లోనే జన్మించిన డొమెనికో స్కార్లట్టి 555 కీబోర్డు సొనాటాలు రాశారు. వాటిలో కనిపించే దూకుళ్లు, ఆకస్మిక మలుపులు ఈ పరిమితితో ఆయన చేసిన సావాసానికి నిదర్శనం.

ఇప్పుడు మెటల్‌ గిటార్‌ను చూద్దాం. దాని గరుకు శబ్దాన్ని డిస్టార్షన్‌ అంటారు. గిటార్‌ నుంచి వచ్చే విద్యుత్‌ సంకేతాన్ని యాంప్లిఫయర్‌ మోయగలిగిన హద్దు దాటించినప్పుడు తరంగాల శిఖరాలు తెగిపోతాయి. దీనివల్ల రెండు పరిణామాలు కలుగుతాయి. మొదటిది, మూల స్వరంపై లెక్కలేనన్ని అనుస్వరాలు పుట్టి శబ్దం చిక్కబడుతుంది. రెండోది, శిఖరాలు ఒకే ఎత్తున తెగిపోవడం వల్ల మెల్లగా మీటినదానికీ గట్టిగా మీటినదానికీ మధ్య తేడా చాలావరకు చెరిగిపోతుంది. అంటే రంపపు గొంతుతో అరిచే ఈ గిటార్‌కూ, సున్నితంగా గలగలలాడే హార్ప్సికార్డ్‌కూ ఉన్న పరిమితి దాదాపు ఒకటే. అందుకే మెటల్‌ కళాకారులూ ఉద్వేగం కోసం వేగం, స్వరసాంద్రత, అర్ధాంతరంగా ఆపడం వంటివాటినే ఆశ్రయించారు. డిస్టార్షన్‌లో ఎక్కువ స్వరాలు కలిస్తే శబ్దం బురదగా మారుతుంది కాబట్టి షడ్జమ పంచమాలను మాత్రమే జోడించి వాయించే పద్ధతి వారిలో స్థిరపడింది.

మరో పోలిక మంద్ర స్థాయిలో ఉంది. బరోక్‌ రచనల్లో ఒక చిన్న మంద్ర స్వరవరుస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, దానిపై గానం మారుతూ సాగుతుంది. పర్సెల్‌ ‘డైడో అండ్‌ ఈనియస్‌’ ఒపేరాలో కథానాయిక చివరి విలాపం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మెట్టుమెట్టుగా కిందికి దిగే మంద్ర వరుస ఆ పాటంతా ఆవృతమవుతుంది. మెటల్‌లో ‘రిఫ్‌’గా పిలిచే గిటార్‌ వరుస చేసే పని కూడా అదే.

ఈ చుట్టరికాన్ని మొదట గుర్తించినవారు సెర్‌ కాదు. 1968లో వెండీ కార్లోస్‌ మూగ్‌ సింథసైజర్‌పై బాఖ్‌ రచనలను వినిపించిన ‘స్విచ్‌డ్‌ ఆన్‌ బాఖ్‌’ ఘనవిజయం సాధించింది. 1972 నాటి డీప్‌ పర్పుల్‌ పాట ‘హైవే స్టార్‌’లోనూ, 1984లో స్వీడన్‌ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్‌ విడుదల చేసిన ‘రైజింగ్‌ ఫోర్స్‌’లోనూ బరోక్‌ ఛాయలు స్పష్టం. అయితే వారు ఒక శైలిని మరో శైలిలోకి అనువదించారు. వినేటప్పుడు అతుకు కనిపించదు. ఇగోర్‌ మూడు శైలులనూ వాటి సొంత గొంతులతోనే ఉంచి, అతుకును బాహాటంగా చూపిస్తారు.

కత్తెర పట్టిన తాళం

ఆ అతుకు ఎక్కడి నుంచి వచ్చింది? ఎలక్ట్రానిక్‌ సంగీతంలోని ‘బ్రేక్‌కోర్‌’ శాఖ నుంచి. పాత రికార్డులోని డ్రమ్ముల దరువును కంప్యూటర్‌లోకి తీసుకుని, ఒక్కో దెబ్బను విడదీసి, వేగం పెంచి, వరుస మార్చి, మనిషి చేతులు వాయించలేని తాళాన్ని నిర్మించడం ఆ శాఖ పద్ధతి. మెటల్‌లో డ్రమ్మర్లు చేతులు, కాళ్లు కలిపి అతివేగంగా మోగించే ‘బ్లాస్ట్‌ బీట్‌’కు ఇది యాంత్రిక రూపంలా వినిపిస్తుంది. అందుకే రెండింటి మధ్య రాకపోకలు సులువయ్యాయి.

భాషాశాస్త్రంలో ఒక పరిశీలన ఇక్కడ ఉపకరిస్తుంది. ‘ట్రైన్‌ మిస్సయ్యాను’ అన్న తెలుగు వాక్యంలో రెండు మాటలూ ఇంగ్లిషు నుంచి వచ్చాయి. అయినా అది తెలుగు వాక్యమే. ‘మిస్‌’ అన్న ధాతువుకు తెలుగు క్రియ ‘అవు’ తోడై, తెలుగు ప్రత్యయం చేరింది. కర్మ ముందు, క్రియ తర్వాత అన్న క్రమం చెదరలేదు. మాటలు ఏ ఇంటివైనా వాక్యాన్ని నడిపే ఆధార భాష ఒకటి ఉంటుంది. భాషలు కలగలిసినప్పుడు అర్థం నిలబడేది ఆ ఆధారంపైనే.

ఇగోర్‌ సంగీతానికి కూడా అలాంటి ఆధారం ఉంది. పదజాలం బరోక్‌ది, మెటల్‌ది. వాక్యనిర్మాణం మాత్రం ఎలక్ట్రానిక్‌ కూర్పుది. హార్ప్సికార్డ్‌ పలుకు ఎక్కడ తెగాలి, గర్జన ఏ మాత్ర మీద మొదలవ్వాలి, నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలి అన్నవి కత్తెర నిర్ణయిస్తుంది. వినగా వినగా ఆ కోతలు యాదృచ్ఛికం కావని తెలుస్తుంది. శైలి మారినా మాత్ర తప్పదు. వాద్యం మారినా అంతకుముందరి స్వరస్థానం చాలాచోట్ల కొనసాగుతుంది. చెవికి గందరగోళంలా తోచినది లోపల లెక్క ప్రకారం నడుస్తుంటుంది.

ఏడు సెకన్ల అప్పు

కత్తెర పద్ధతికి ఒక నైతిక చిక్కు ఉంది. కోసేది ఎవరో ఒకరు వాయించిన సంగీతాన్నే.

1969లో ‘ది విన్‌స్టన్స్‌’ అనే అమెరికన్‌ సోల్‌ బృందం ‘ఆమెన్‌, బ్రదర్‌’ అనే పాటను రికార్డు రెండో వైపున విడుదల చేసింది. అందులో డ్రమ్మర్‌ గ్రెగరీ కోల్మన్‌ ఒంటరిగా వాయించిన నాలుగు ఆవర్తాల దరువు నిడివి దాదాపు ఏడు సెకన్లు. 1980ల్లో హిప్‌హాప్‌ కళాకారులు, 1990ల్లో బ్రిటన్‌లోని జంగిల్‌, డ్రమ్‌ అండ్‌ బేస్‌ కళాకారులు ఆ ఏడు సెకన్లనే కోసి వేల పాటలు నిర్మించారు. బ్రేక్‌కోర్‌కు కూడా అదే పునాదిరాయి. కానీ ఆ దరువు వాయించిన కోల్మన్‌కు దానిపై రాయల్టీ అందలేదు. ఆయన 2006లో నిలువ నీడలేని స్థితిలో మరణించారు. 2015లో సంగీతాభిమానులు ఇంటర్నెట్‌ ద్వారా చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లను బృంద నాయకుడు రిచర్డ్‌ స్పెన్సర్‌కు అందజేశారు. అప్పటికి ఆ పాట వెలువడి 46 ఏళ్లు గడిచాయి.

ఈ కథ సంగీత ప్రపంచానికే పరిమితం కాదు. లక్షల పాటలను జల్లెడపట్టి కొత్త పాటలు తయారుచేస్తున్న యంత్రాల విషయంలో నేడు అనేక దేశాల న్యాయస్థానాల ముందున్న వివాదం మూలంలో ఇదే: శబ్దం చౌకగా దొరికినప్పుడు దాన్ని పుట్టించిన మనిషి కనిపించకుండా పోతాడు.

శాంపిళ్లు వదిలిన ఆల్బమ్‌

ఇగోర్‌ తొలి ఆల్బమ్‌లలో ఇతరుల రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలకు, అంటే శాంపిళ్లకు, పెద్ద పాత్ర ఉంది. ‘సావేజ్‌ సైనుసాయిడ్‌’ దగ్గర సెర్‌ దారి మార్చుకున్నారు. అందులో శాంపిళ్లు వాడలేదని, వాద్యాలను, గొంతులను కళాకారులతోనే రికార్డు చేయించానని ప్రకటించారు. ఆ ఆల్బమ్‌ నిర్మాణానికి నాలుగేళ్లు పట్టింది.

ఈ నిర్ణయాన్ని కేవలం నిజాయతీ ప్రకటనగా చూడనక్కర్లేదు. దీనికి సంగీతపరమైన ఫలితం ఉంది. శాంపిల్‌ తీసుకుంటే దొరికినదానితో సర్దుకోవాలి. కళాకారుడు ఎదుట ఉంటే, ఆరు మాత్రల తర్వాత వచ్చే కోతను దృష్టిలో పెట్టుకుని అతడి చేత వాయించుకోవచ్చు. కత్తెర పడే చోటు పాడేవారికి ముందే తెలుస్తుంది. అమెరికా డెత్‌ మెటల్‌ బృందం క్యాటిల్‌ డీక్యాపిటేషన్‌ గాయకుడు ట్రావిస్‌ రయన్‌ ఈ ఆల్బమ్‌లో గొంతు కలిపారు. తర్వాతి ఆల్బమ్‌లో క్యానిబల్‌ కార్ప్స్‌ బృందపు గాయకుడు జార్జ్‌ ఫిషర్‌ గర్జన పాత వీడియో గేముల సంగీతాన్ని తలపించే పలుకులతో తలపడుతుంది. అరబ్బు ప్రాంతపు ఊద్‌ వాద్యాన్ని మెహ్దీ హద్దాబ్‌ వాయించారు. వీరిలో ప్రతి ఒక్కరి పేరూ ఆల్బమ్‌పై ఉంది. కోల్మన్‌కు బతికుండగా దక్కని గుర్తింపు అదే.

మణిప్రవాళమా, కాదా?

తెలుగువారికి మిశ్రమ కళ కొత్త కాదు. సంస్కృతాన్ని, దేశభాషను కలిపి అల్లే మణిప్రవాళ శైలిలో పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో పద్యం చెప్పాడు. కేరళలో ఆ శైలికి లక్షణ గ్రంథమే పుట్టింది. 14వ శతాబ్దపు ‘లీలాతిలకం’ మణిప్రవాళాన్ని కెంపులు, పగడాలు కలిపి గుచ్చిన హారంతో పోలుస్తుంది. రెండూ ఎరుపే కాబట్టి ఏది ఎక్కడ ముగిసిందో కంటికి తెలియదు. అతుకు కనిపించకపోవడమే అక్కడ గుణం.

ఆ కొలతతో చూస్తే ఇగోర్‌ది మణిప్రవాళం కాదు. కెంపు పక్కన పగడాన్ని గుచ్చరు. ముత్యం పక్కన ఇనుప ముక్కను గుచ్చుతారు. కానీ దారం ఒకటే. ముత్యం కాంతి ఇనుము పక్కన ఉన్నందువల్లే కొత్తగా కనిపిస్తుంది. గర్జన ఆగిన మరుక్షణం వినిపించే హార్ప్సికార్డ్‌లో మ్యూజియంలోని మర్యాద ఉండదు; రూసోకు కర్కశంగా తోచిన పాత పదును మళ్లీ వినిపిస్తుంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ప్రతి పాటలోనూ మలుపు తప్పదని తెలిసినప్పుడు మలుపులో ఆశ్చర్యం తగ్గుతుంది. హాస్యం కొన్నిసార్లు రచన బరువును తేల్చేస్తుంది. సెర్‌ తన పెంపుడు కోడి ముక్కుతో పియానో కీలను పొడుస్తుంటే ఆ స్వరాల చుట్టూ సంగీతం అల్లిన వీడియో కూడా చేశారు. దాన్ని చూసి ఈ మొత్తం కృషినీ పరిహాసంగా కొట్టిపారేసేవారు ఉన్నారు. వారి విమర్శలో కొంత న్యాయం ఉన్నా, నాలుగేళ్ల రికార్డింగు శ్రమను పరిహాసం అనే మాట పూర్తిగా వివరించలేదు.

కొత్తగా వినేవారికి

ఇగోర్‌ను మొదటిసారి వినాలనుకునేవారు తీవ్రమైన రచనలతో మొదలుపెట్టనవసరం లేదు. 2020 ఆల్బమ్‌లోని ‘హాలో ట్రీ’లో హార్ప్సికార్డ్‌ స్పష్టంగా వినిపిస్తుంది, బరోక్‌ వైపు నుంచి ప్రవేశించడానికి అది తగిన ద్వారం. ‘సావేజ్‌ సైనుసాయిడ్‌’లోని ‘షెవాల్‌’లో ఫ్రాన్స్‌ వీధుల అకార్డియన్‌ సంగీతం మెటల్‌ను ఎదుర్కొంటుంది. 2012 నాటి ‘స్కార్లట్టి 2.0’ పేరులోనే తన గురువును చెప్పుకుంటుంది. దాన్ని వినడానికి ముందు స్కార్లట్టి సొనాటా ఒకటి వింటే, దూకుళ్లూ ఆకస్మిక మలుపులూ ఎక్కడి నుంచి వచ్చాయో వివరణ లేకుండానే అర్థమవుతుంది.

రెండోసారి వినేటప్పుడు గర్జనను, వేగాన్ని కాసేపు పక్కన పెట్టి కింద తిరిగే మంద్ర వరుసను మాత్రమే అనుసరించి చూడవచ్చు. పైన ఎన్ని శైలులు మారినా అది చాలావరకు తన దారిన తాను నడుస్తుంది. మూడు రేడియోలు మోగుతున్నాయన్న సందేహం సాధారణంగా అక్కడే తీరుతుంది. ఆ తర్వాత కూడా ఈ సంగీతం నచ్చకపోవచ్చు. అది అభిరుచికి సంబంధించిన విషయం. రామో ఒపేరాను ఎద్దేవా చేసిన ఆ అజ్ఞాత లేఖకుడికీ ఆ హక్కు ఉండేది.